లాభం, రెండు, మూడు

ఆమె చేతులు రెండూ ఎప్పుడూ గుండెల దగ్గరే ఉండేవి. పోయిన వారం ఆమె చనిపోయినప్పుడు పక్కింటి ఆడవాళ్ళు చేతులు సర్దబోయి ఆగిపోయారు. సర్దడానికి ఏమీ లేదు. మోచేతులు నడుముకు పైన, వేళ్ళలో వేళ్ళు చిక్కుకొని, గుండె మీద ఉన్నాయి. "సూడుర్రి, ఎంత భక్తి! దండం వెట్టుకుంటనే పోయింది" అంది ఒకామె. అది దండం కాదని ఆ గదిలో నా ఒక్కదానికే తెలుసు.

ఆపరేషన్ థియేటర్లో చేతులు కడుక్కొని గ్లౌజులు తొడుక్కున్నాక ఆ చేతులు నడుము కిందికి దిగకూడదు. దిగితే మళ్ళీ మొదటి నుంచి కడుక్కోవాలి. ఇరవై ఏళ్ళకు పైగా ఆమె ఆ నియమం పాటించింది. థియేటర్ నుంచి వెళ్ళగొట్టిన తర్వాత కూడా పాటించింది. ఆటోలో కూర్చున్నా, రేషన్ దుకాణం ముందు లైన్లో నిలబడ్డా చేతులు అక్కడే. తుమ్మొస్తే మొహం భుజం వైపు తిప్పుకునేది గానీ చెయ్యి అడ్డం పెట్టుకునేది కాదు.

ఆమె పేరు రాయను. ఆమె పనిచేసిన దవాఖాన కాగితాల్లో ఆమె పేరు ఒకే ఒక్కసారి పడింది. మిగతా అన్నిచోట్లా 'ఆయా' అనే ఉండేది. ఆ ఒక్కసారి ఎందుకు పడిందో చెప్తాను. వాళ్ళు అట్లా వాడిన పేరును నేను మళ్ళీ కాగితం మీద పెట్టను. అందరం పిలిచినట్టు పెద్దమ్మ అనే అంటాను.

నేను మూడేళ్ళ నర్సింగ్ చదివి ఆర్మూర్‌కు తిరిగొచ్చిన ఏడాది ఎక్కడా ఉద్యోగం దొరకలేదు. చలి తగ్గి పసుపు పనులు మొదలవగానే అమ్మ వెంట ఏరడానికి పోయాను. ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ములో తిప్పి మెరుగుపెట్టిన పసుపును వ్యాపారి గోదాము ముందు కుప్ప పోస్తారు. పొడుగాటి కొమ్ములు కాడి, గుండ్రటి గడ్డలు గోళ. ఆడవాళ్ళం చుట్టూ కూర్చుని రెండూ వేరు చేయాలి. ఆ దుమ్ము నాకు చిన్నప్పటి నుంచీ పడదు. ఊపిరి ఈల వేస్తుంది. ఆ ఈల వల్లే ఏడో తరగతి దాకా నన్ను బడికి పంపలేదు. అమ్మే ఇంట్లో కూర్చోబెట్టి చర్చి పాటల కాగితాల మీద, కిరాణా పొట్లాల మీద అక్షరాలు దిద్దించింది. ఆ తల్లికీ, ఆ పొట్లాలకూ, వాటిని మా ఇంటిదాకా పంపిన దేవునికీ రోజూ ఉదయం కృతజ్ఞత చెప్పుకుంటాను. కానీ ఇంకో రెండు సీజన్లు ఆ దుమ్ములో కూర్చుంటే కృతజ్ఞత చెప్పుకోవడానికి ఊపిరి మిగలదని నాకూ తెలుసు, అమ్మకూ తెలుసు.

ఆ రోజుల్లోనే ఒక దవాఖాన గేటుకు కాగితం అంటించారు, థియేటర్ నర్సు కావాలని. నేను అమ్మకు ఆ సంగతి చెప్తుంటే కుప్పకు అవతల కూర్చున్న పెద్దమ్మ తలెత్తింది.

"ఏ దవాఖాన?"

చెప్పాను.

"ఇంటర్వ్యూ ఎవరు జేస్తరు? గా పెద్ద సిస్టర్ ఉన్నదా ఇంకా?"

"ఉన్నదట. ఆమె, కొత్త డాక్టర్ సారు."

ఆమె చేతిలో ఉన్న గోళను కాడి కుప్పలోకి విసిరింది. అంతకుముందు గానీ తర్వాత గానీ ఆమె ఒక్క గడ్డనైనా తప్పుగా వేయడం నేను చూడలేదు.

"నీ బిడ్డకు సదువు వస్తదా?" అని అమ్మను అడిగింది.

"నర్సింగ్ సదివింది గదక్కా!"

"నర్సింగ్ గాదే. సదువు. తెలుగు కాగితమిస్తే గడగడ సదువుతదా?"

జాకెట్టు లోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. లోపల నాలుగు మడతల జిరాక్సు కాగితం. పసుపు వేళ్ళు తగలకుండా అంచులు పట్టుకుని నా ముందు పరిచింది. థియేటర్లో మాప్‌ల లెక్క చూసే పనిలో ఆయా నిర్లక్ష్యం వల్ల పొరపాటు జరిగిందనీ, ఆ తప్పుకు తానే బాధ్యురాలినని ఆమె ఒప్పుకుంటున్నదనీ అందులో ఉంది. అక్కడే ఆమె పేరు. కింద వేలిముద్ర.

"ఒప్పుకున్నట్టా? నేనా?"

"అట్లనే ఉంది పెద్దమ్మా."

"నాకేం జెప్పిండ్రో ఎర్కేనా? పర్మనెంట్ జేస్తున్నం, ఏలుముద్ర ఎయ్యుమన్నరు. తెల్లారి గేటు కాడ్నే ఆపిండ్రు." కాగితాన్ని నా వైపు జరిపింది. "మళ్ళ సదువు."

చదివాను. ఇంకోసారి అడిగింది. మూడోసారి నేను చదువుతుంటే ఆమె పెదవులు నాతో పాటే కదిలాయి. ఆ కాగితం అప్పటికే ఆమెకు నోటికొచ్చేసింది. మరునాడు పొద్దున పలకరింపుకు బదులు దాన్నే అప్పజెప్పింది, ఒక్క మాట తప్పకుండా.

జరిగింది ఇది. మాప్ అంటే ఆపరేషన్ సమయంలో నెత్తురు పీల్చడానికి కడుపులో పెట్టే గుడ్డ. ఐదైదు కట్టగా వస్తాయి. ఎన్ని లోపలికి పోయాయో అన్ని బయటికి రావాలి. లెక్క కుదరనిదే కుట్టకూడదు. కాగితాల మీద ఊడ్చే మనిషే అయినా ఆ థియేటర్లో కత్తులందించేదీ మాప్‌లు లెక్కపెట్టేదీ పెద్దమ్మే. రిజిస్టర్లో రాసి సంతకం పెట్టేది మాత్రం పెద్ద సిస్టర్. ఇక మా దిక్కు ధాన్యం గానీ పసుపు గానీ గంపలతో కొలిచేటప్పుడు మొదటి గంపను ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు. పెద్దమ్మ మాప్‌లను కూడా అట్లాగే లెక్కపెట్టేది. థియేటర్లో అందరూ నవ్వేవారు, ఎవరూ వద్దనలేదు.

ఒకనాడు గర్భసంచి ఆపరేషన్‌లో పది మాప్‌లు వాడారు. తిరిగి లెక్కపెడితే తొమ్మిదే వచ్చాయి. "సిస్టరమ్మా, ఒకటి తక్కువున్నది" అంది పెద్దమ్మ. పెద్ద సిస్టర్ నవ్విందట. "నువ్వు లాభమంటవ్, ఒకటి అనవ్. నీ లెక్కల ఒకటి ఎప్పుడూ తక్కువనే ఉంటది. కళ్ళం లెక్కలు ఈడ నడవయ్" అందట. అప్పటి పెద్ద డాక్టరు కూడా నవ్వి కుట్టేశాడు. రిజిస్టర్లో పది అని రాసి పెద్ద సిస్టర్ సంతకం పెట్టింది. నెల తిరగక ముందే ఆ పేషెంటు, సిరికొండ దిక్కు మనిషి, జ్వరంతో కాలిపోతూ నిజామాబాద్‌లో ఇంకో దవాఖానకు పోయింది. పదో మాప్ అక్కడ దొరికింది. ఆ తల్లి బతికింది, దేవునికి స్తోత్రం. తప్పు ఎవరి మీద వేయాలా అని చూశారు. రాయడం రాని మనిషి కనబడింది.

"నేను జెప్పిన. మూడుసార్లు జెప్పిన" అనేది పెద్దమ్మ, అన్నం డబ్బా మూత తీస్తూ రోజూ. "నోటితోని జెప్పింది గాలికి వాయె. ఆమె రాసింది నిలవడ్డది. గంతే ఫరక్."

నాకు తర్ఫీదు మరునాడే మొదలైంది. పగటి అన్నాలయ్యాక టార్పాలిన్ మీద కాడి కొమ్ములను పొడవు ప్రకారం పేర్చేది. ఇది చిన్న ఆర్టరీ, అంటే నెత్తురు నాళం పట్టి ఆపే పటకారు, ఇది పెద్దది, వంకర తిరిగింది సిజర్. కళ్ళు మూసుకుని అరచెయ్యి చాపేది. నేను కొమ్మును మెల్లగా ఆమె వేళ్ళ మీద పెట్టాను.

"ఏందిది? పేరంటంల వాయినమిస్తున్నవా? కొట్టు!"

"దెబ్బ తగులుతది పెద్దమ్మా."

"తగలాలె! డాక్టరు కన్ను కోత మీదుంటది. సామాను వచ్చిందని చెయ్యికే తెల్వాలె. టప్పుమనాలె."

ఆమె తాను ఏది ఇచ్చినా అట్లాగే ఇచ్చేది. మిరపకాయ ఇచ్చినా టప్పు, తాళంచెవి ఇచ్చినా టప్పు. ఒకసారి చాయ్ గ్లాసు అందుకున్న హమాలీ ఎగిరి గంతేశాడు. "ఓ ముసల్దానా, నా చెయ్యేమన్న రోలా?" "నీ చెయ్యి నిద్రవోతున్నది, లేపిన" అంది. ఏరేవాళ్ళంతా నవ్వారు. ఆమె నవ్వలేదు. చేతులు మళ్ళీ గుండె దగ్గరికి వెళ్ళిపోయాయి.

మూడో రోజుకు నా దెబ్బ కుదిరింది. ఆమె అరచేతిని తిప్పి చూసుకుంది, ఎర్రబడ్డ చోట బొటనవేలుతో రాసుకుంది.

"ఇంటర్వ్యూల సిస్టరే చెయ్యి సాపుతది. పరీక్ష గట్లనే వెడ్తది ఆమె. అప్పుడు గిదే దెబ్బ కొట్టు. ఆ చేతికి నా దెబ్బ ఎర్కే. గట్టిగ కొట్టుడు తప్పు గాదు, అదే కాయిదా. ఎవలూ నిన్ను ఏమనరాదు. గిసొంటి అవకాశం ఎవలకు దొరుకుతదే పోరీ!"

నాకు భయమేసింది. "పగ మన పని కాదు పెద్దమ్మా. దేవునికి వదిలెయ్యాలె" అన్నాను. అమ్మ నాకు అక్షరాలతో పాటే నేర్పిన మాట అది.

"మీ దేవునికి మస్తు పనులుంటయ్. గిదొక్కటి నేను జేసుకుంట. ఆయనకు జర బరువు తగ్గుతది."

నవ్వొచ్చింది నాకు. కానీ ఆ సాయంత్రం ప్రార్థనలో పెద్ద సిస్టర్‌ను క్షమించమని మొదలుపెట్టి పూర్తి చేయలేకపోయాను. మధ్యలో ఆ వేలిముద్ర కనిపించింది. తర్వాత ఎన్నో సాయంత్రాలు మొదలుపెట్టాను. ఏనాడూ ఆమెన్ దాకా పోలేదు.

ఇంటర్వ్యూ ముందు రోజు పెద్దమ్మ నా గోళ్ళకు నిమ్మచెక్క రుద్దుతూ మళ్ళీ మళ్ళీ చెప్పింది. "ఆడ లాభం అనకు. ఒకటి అను. నా పేరెత్తకు. ఎత్తితే నౌకరి రాదు, నౌకరి రాకుంటే నీ ఊపిరీ పాయె, నా పనీ పాయె. మొదలు లోపటికి పోవాలె. కొట్టుడు, రాసుడు. గీ రెండు మర్వకు."

పెద్ద సిస్టర్ రాక్షసిలా ఉంటుందనుకున్నాను. అట్లా లేదు. ఇస్త్రీ కోటు, ఛాతీకి గుచ్చుకున్న చిన్న గడియారం, మెత్తటి గొంతు. పక్కన పెద్ద డాక్టరుగారి కొడుకు, కొత్త డాక్టరు, నా సర్టిఫికెట్లు తిరగేస్తున్నాడు. ఆమె నా గోళ్ళ మూలల్లో మిగిలిన పసుపు చూసింది.

"పసుపు ఏరుతవా?"

"అవును మేడం."

"మా థియేటర్ల పసుపు గోర్లు నడవయ్ తల్లీ. వెనుకట ఒకామె ఉండె గిట్లనే. మస్తు తిప్పలు వెట్టింది మమ్ముల."

నా ఊపిరి సన్నగా ఈల వేసింది. దగ్గు కింద దాచుకున్నాను.

బల్ల మీద ట్రే ఉంది. "నేనే డాక్టర్ అనుకో" అని అరచెయ్యి చాపి, నన్ను చూడకుండా డాక్టరుతో ఏదో చెప్తూ, "ఆర్టరీ" అంది. కొట్టాను. గది అంతా టప్పుమంది. ఆమె మాట సగంలో ఆగిపోయింది. నా వైపు చూడలేదు, అరచెయ్యి వైపు చూసుకుంది. "సిజర్" అంది తర్వాత. ఈసారి నేను కొట్టక ముందే ఆ చెయ్యి కొంచెం వెనక్కి పోయింది. అయినా అందుకుని కొట్టాను.

"వెరీగుడ్. గట్లనే ఉండాలె" అన్నాడు డాక్టరు.

"ఎవరు నేర్పిండ్రు నీకు?" అని అడిగింది ఆమె.

నేను అబద్ధమాడను. "పసుపు కుప్ప కాడ నేర్చుకున్న మేడం."

డాక్టరు నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఒక మాప్‌ల కట్ట తీసి, పక్కకు తిరిగి విప్పి, నా ముందు కుప్పగా పడేసింది. "ఐదు లోపలికి పోయినయ్. ఆపరేషన్ అయిపోయింది. లెక్కవెట్టు, కుట్టాలె."

ఒకటి, ఒకటి, ఒకటి అని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. మొదటి మాప్ చేతిలోకి తీసుకున్నాను. ఆమె కళ్ళలోకి చూశాను.

"లాభం."

నోరు జారలేదు. దేవునితో కూడా అదే చెప్పాను, జారలేదని.

"రెండు. మూడు. నాలుగు. ఒకటి తక్కువున్నది మేడం."

ఆమె మెడ మీద ఎరుపు పాకింది. ఒకటి దాచిపెట్టి పరీక్షించడం థియేటర్లో మామూలే, చెప్పగలిగితే పాసైనట్టే. ఆమె అక్కడితో వదిలేయవచ్చు. వదలలేదు.

"తక్కువేం లేదు. నువ్వు లాభమన్నవ్, ఒకటి అనలే. సరిగ్గనే ఉన్నయ్. కుడ్తున్నం."

అదే మాట. పెద్దమ్మ నాకు వందసార్లు అప్పజెప్పిన మాట, ఆమె నోటి నుంచే, నా చెవులతో విన్నాను. నా చేతుల్లో వణుకు లేదు. బల్ల మీది తెల్ల కాగితం లాక్కుని రాశాను. "పోయినవి ఐదు, వచ్చినవి నాలుగు, ఒకటి తక్కువని చెప్పాను" అని. ఆమె ఛాతీ మీది గడియారం చూసి టైము వేశాను. కింద నా పేరు రాసి కాగితం, పెన్ను ఆమె ముందుకు జరిపాను.

"సంతకం వెట్టండి మేడం. వెట్టినంక కుట్టండి."

డాక్టరు కుర్చీలో వెనక్కి వాలి పకపకా నవ్వాడు. "అయిపాయె సిస్టర్! జేబులకెళ్ళి తీయండిగ. సంతకం కూడ వెట్టండి, అడుగుతున్నది గద." ఆమె కోటు జేబులోంచి ఐదో మాప్ తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత సంతకం పెట్టింది.

పెద్దమ్మ రోడ్డుకు అవతల, జక్రాన్‌పల్లి బస్సులు ఆగే చోట, చేతులు గుండెకు పెట్టుకుని కూర్చుని ఉంది. నౌకరి వచ్చిందని చెప్పాను. లాభం అన్నానని కూడా చెప్పాను, తిడుతుందనుకుంటూ. ఆమె కళ్ళు మూసుకుంది. చాలాసేపటికి తెరిచింది.

"సంతకం వెట్టిందా?"

"వెట్టింది పెద్దమ్మా."

"చెయ్యి వణికిందా?"

గుర్తు చేసుకున్నాను. "లేదు."

"ఫికర్ లేదు" అంది. "వణుకుతది."

ఆ రోజు నుంచి కొత్త డాక్టరు ఒక పద్ధతి పెట్టాడు. కుట్టకముందే మాప్‌ల లెక్క నేను రాయాలి, కింద పెద్ద సిస్టర్ సంతకం చేయాలి. నాలుగేళ్ళుగా నేను రాస్తున్నాను, ఆమె నా రాత కింద సంతకం చేస్తున్నది. నేను లెక్క పైకే చదువుతాను. లాభం నుంచే చదువుతాను. ఆమె ఒక్కనాడూ వద్దనలేదు. థియేటర్ పని ఆమె నాకు ఎంతో నేర్పింది, నా ఉబ్బసం తిరగబెట్టిన రోజు తన కుర్చీ నాకిచ్చి కూర్చోబెట్టింది. దానికి ఆమెకు కృతజ్ఞురాలిని, మొహం మీదే చెప్పాను. చెప్పిన అరగంటకు రిజిస్టర్ ఆమె ముందు పెట్టి, ఆమె చేతినే చూస్తూ నిలబడ్డాను.

ఎందుకంటే ఆదివారం చర్చి అయ్యాక గుట్ట కింది గల్లీలో, తన ఇంటి గడప మీద కూర్చుని పెద్దమ్మ అడిగేది. ఎట్లున్నవని అడిగేది కాదు.

"వెట్టిందా?"

"వెట్టింది."

"వణికిందా?"

"లేదు పెద్దమ్మా."

"ఫికర్ లేదు."

ఒక్క అబద్ధం చెప్తే ఆమె ప్రాణం చల్లబడేది. నాలుగేళ్ళలో ఎన్ని ఆదివారాలు! పోయిన నెల మంచంలో పడ్డాక కూడా అడిగింది, గొంతు రాక పెదవులతోనే. నేను లేదనే తల ఊపాను. సత్యం పలికినందుకు సంతోషించాలని నాకు నేర్పారు. ఆ రోజు ఇంటికొచ్చి సంతోషించలేక ఏడ్చాను.

ఆమెను మట్టిలో పెట్టిన మరునాడు మా థియేటర్లో గర్భసంచి ఆపరేషన్. పది లోపలికి, పది బయటికి. రాసి రిజిస్టర్ జరిపాను. పెద్ద సిస్టర్ పెన్ను పట్టుకుని వంగింది.

"మేడం, ఆమె పోయింది" అన్నాను.

"ఎవరు?"

"లాభం అని లెక్కవెట్టే ఆమె."

పెన్ను కాగితానికి ఆనింది గానీ కదల్లేదు. తర్వాత కదిలింది. మొదటి అక్షరం దగ్గరే గీత పక్కకు కొట్టుకుపోయింది. ఆమె ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుంది. అట్లా పట్టుకునే సంతకం పూర్తి చేసింది. తలెత్తి, నేను ఆ చేతినే చూస్తున్నానని చూసింది. "ఎప్పుడు?" అంది. "మొన్న" అన్నాను. నేనేం ఓదార్చలేదు. గీత కొట్టుకుపోయిన చోట సిరా ఆరేదాకా చూసి రిజిస్టర్ మూశాను. ఆ వణుకుకు దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. చెప్పుకోకూడదని తెలుసు. క్షమాపణ అడగడానికి ఇంకా నోరు రాలేదు.

ఆదివారం చర్చి నుంచి కాళ్ళు వాటంతటవే గుట్ట కిందికి తీసుకుపోయాయి. తలుపుకు తాళం ఉంది. గడప మీద ఎవరో ఎప్పటిలాగే ముగ్గు వేసి పోయారు. చేతులు గుండె దగ్గర పెట్టుకుని కాసేపు నిలబడ్డాను. దారిన పోయే ఒకామె నేను ప్రార్థన చేస్తున్నాననుకుని గొంతు తగ్గించి పోయింది.

"వెట్టింది పెద్దమ్మా" అన్నాను తలుపుతో. "వణికింది."